12,150 బిల్లు, 8,830 క్లెయిము: నా బండి ఇన్సూరెన్స్ మీద ఓ లెక్కల మేష్టారి రివ్యూ

2024 అక్టోబరులో ఒక సాయంత్రం బడి నుంచి ఇంటికొస్తుంటే, చిలకపాలెం దాటి ఎచ్చెర్ల వైపు హైవే మీద ఒక దూడ అడ్డొచ్చింది. బ్రేకు కొట్టాను, బండి జారింది. దూడకి ఏమీ కాలేదు, తోక ఎత్తుకుని పొలంలోకి పోయింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. హెల్మెట్ ఉండబట్టి తలకి ఏమీ కాలేదు. బండికి మాత్రం హెడ్‌లైట్ పగిలింది, ముందు మడ్‌గార్డు విరిగింది, ఫోర్కు వంగింది, ట్యాంకు మీద సొట్ట పడింది.

రోడ్డు పక్క కూర్చుని మోచెయ్యి ఊదుకుంటూ అనుకున్న మొదటి మాట, "పోనీలే, ఇన్సూరెన్స్ ఉంది కదా." ఉంది. అందులో ఏముందో మాత్రం ఆ రోజుకి నాకు తెలీదు. ప్రశ్న పూర్తిగా చదవకుండా లెక్క మొదలెట్టొద్దని పాతికేళ్లుగా పిల్లలకి చెబుతున్న మనిషిని నేను.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. నాకు నాలుగు రోజులు ఆలస్యం చేసిన కంపెనీ మీకు ఒక్క రోజులో చేసి ఉండొచ్చు. పాలసీ మీద, క్లెయిము మీద మాత్రం మొహమాటం లేకుండా రాస్తాను. రేటింగు అడిగితే 5కి 3. తగ్గిన రెండింటిలో ఒకటి కంపెనీది, ఒకటి నాది.

నా బండి 125 సీసీ, 2022 జూన్‌లో కొన్నాను. షోరూంలో ఆన్‌రోడ్ ధర అని ఒకే అంకె చెప్పారు, అందులో ఇన్సూరెన్స్ కూడా కలిపేశారు. ఇన్సూరెన్స్ మనకి నచ్చిన చోట తీసుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆర్సీతో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో పాలసీ పెట్టి ఇచ్చారు. అరసవల్లిలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాక ఆ కవరు బీరువాలోకి పోయింది. రెండేళ్లు అక్కడే ఉంది.

అందులో రెండు పాలసీలు కలిసి ఉంటాయని తర్వాత తెలిసింది. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఇంకొకరికి ప్రాణం పోయినా, దెబ్బ తగిలినా, వాళ్ల ఆస్తి పాడైనా ఇది కడుతుంది. చట్టం తప్పనిసరి చేసింది దీన్నే. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కి దీన్ని ఒకేసారి ఐదేళ్లకి తీసుకోవాలి. దీని రేటు ఏ కంపెనీలోనైనా ఒకటే, బేరం ఉండదు. 2022 జూన్ 1న వచ్చిన రేట్లలో 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714, ఐదేళ్లకి కలిపి 3,851. 150 దాటితే 350 సీసీ వరకు ఏడాదికి 1,366. వీటి మీద జీఎస్టీ అదనం.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగిన నష్టానికి. ఇది ఏడాదికోసారి రెన్యూవల్ చేసుకోవాలి, కంపెనీని బట్టి ధర మారుతుంది. తక్కువ ధర వెతికి నేను తప్పులన్నీ చేసింది ఇక్కడే.

2024 జూన్‌లో రెన్యూవల్ ఫోన్లోనే చేశాను. బండి విలువ 62,000 అని పెట్టారు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 1,060. రెండేళ్లు క్లెయిము లేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ 25 శాతం తగ్గి 795. జీఎస్టీ 18 శాతం కలిపితే 938. దాని కింద జీరో డిప్రిసియేషన్ అని ఒక టిక్కు ఉంది, దానికి 340. టిక్కు తీసేశాను. "ఎందుకది?" అంది మా ఆవిడ. "అనవసరంగా అంటగడతారు" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

ఇప్పుడు బిల్లు చూద్దాం. అన్నీ పన్నులతో కలిపి.

హెడ్‌లైట్ 2,400, మడ్‌గార్డు 900, ఇండికేటర్లు 600. ఇవి ప్లాస్టిక్. ప్లాస్టిక్, రబ్బరు, టైరు, బ్యాటరీ ఏదైనా సరే, బండి ఎంత కొత్తదైనా డిప్రిసియేషన్, అంటే అరుగుదల కింద సగానికి సగం కోస్తారు. మొత్తం 3,900కి వచ్చింది 1,950.

ఫోర్కు పైపులు 3,600, హ్యాండిల్ బార్ 800, ఫుట్‌రెస్టు 400. ఇవి లోహం. లోహానికి కోత బండి వయసును బట్టి ఉంటుంది. ఆరు నెలల లోపు ఏమీ లేదు, తర్వాత ఏడాది నిండేదాకా 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35. నా బండికి రెండేళ్ల నాలుగు నెలలు కాబట్టి 15 శాతం. 4,800కి వచ్చింది 4,080.

ట్యాంకుకి పెయింట్ 1,600. ఇది నాకు బాగా నచ్చిన లెక్క, ఎనిమిదో తరగతి పరీక్షలో పెట్టొచ్చు. మొత్తం పెయింట్ ఖర్చులో 25 శాతాన్ని మెటీరియల్ అనుకోవాలి, ఆ మెటీరియల్‌లో సగం కోయాలి. అంటే 400లో 200. వచ్చింది 1,400.

లేబర్ 1,500 పూర్తిగా ఇచ్చారు. ఫోర్కు ఆయిలు, గ్రీజు లాంటి వాటికి అయిన 350కి సున్నా. చివర్లో తప్పనిసరి కోత అని నా పాలసీలో రాసి ఉన్న 100 తీసేశారు.

మొత్తం బిల్లు 12,150. కంపెనీ ఇచ్చింది 8,830. నా జేబులోంచి 3,320. నేను వద్దనుకున్న ఆ 340 రూపాయల టిక్కు ఉండి ఉంటే ప్లాస్టిక్‌కీ, లోహానికీ, పెయింట్‌కీ కోసిన 2,870 కూడా వచ్చేది. అప్పుడు నాకు పడేది 450. మా ఆవిడ ఈ లెక్క చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

డబ్బు సంగతి అది. ఇక సర్వీసు.

ప్రమాదం జరిగిన రాత్రే కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకి ఫోన్ చేశాను. క్లెయిము నంబరు వెంటనే ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. "మీకు దగ్గర్లోని క్యాష్‌లెస్ గ్యారేజీకి బండి తీసుకెళ్లండి సార్" అంది అమ్మాయి. క్యాష్‌లెస్ అంటే కంపెనీయే గ్యారేజీకి నేరుగా డబ్బు కడుతుంది. దగ్గర్లోనిది ఏదమ్మా అంటే విశాఖపట్నం చెప్పింది. ఫోర్కు వంగిన బండిని వంద కిలోమీటర్లు ఎలా తీసుకెళ్లాలో యాప్‌లో లేదు. ఇన్సూరెన్స్ పోల్చే సైట్లలో "వేల క్యాష్‌లెస్ గ్యారేజీలు" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అందులో శ్రీకాకుళంలో ఎన్ని, విజయనగరంలో ఎన్ని అని చూసుకోవాల్సింది మనమే. కొనకముందే యాప్‌లో మన పిన్‌కోడ్ కొట్టి చూస్తే రెండు నిమిషాల పని.

చివరికి బండి కొన్న షోరూం వర్క్‌షాపుకే ఆటో ట్రాలీ మీద వేసి పంపాను. ముందు డబ్బు కట్టి, తర్వాత కంపెనీ దగ్గర రాబట్టుకునే పద్ధతి. దానికి ముందు ఇంకో పొరపాటు చేయబోయాను. మా వీధి చివర మెకానిక్ బండిని చూసి, "మేష్టారూ, ఇప్పుడే ఇప్పేసి ఫోర్కు సాగగొట్టేస్తాను, రేపు బడికి బండి మీదే ఎల్లిపోవచ్చు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఒప్పుకుని ఉంటే క్లెయిము అక్కడితో ఆగిపోయేది. కంపెనీ మనిషి నష్టం చూసే సర్వే అయ్యేదాకా బండి మీద చెయ్యి వెయ్యకూడదు. పడిన చోటే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి, నంబరు ప్లేటు కనబడేలా. నేను రెండే తీశాను. రెండోదాంట్లో నా చెప్పు పడింది.

సర్వే వీడియో కాల్‌లో చేస్తామన్నారు. ఆ కాల్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను, వర్క్‌షాపు కుర్రాడి ఫోనుకి మార్పించాను. పది నిమిషాల్లో అయిపోయింది. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ, ఎస్టిమేట్, రిపేరు బిల్లు, క్యాన్సిల్ చేసిన చెక్కు అడిగారు. నాది ఎవరినీ గుద్దని చిన్న కేసు కాబట్టి ఎఫ్ఐఆర్ అడగలేదు. ఎవరికైనా దెబ్బ తగిలినా, బండి దొంగతనం జరిగినా పోలీసు స్టేషన్‌కి వెళ్లక తప్పదు. దొంగతనమైతే రెండు తాళాలూ అడుగుతారు. రెండో తాళం ఎక్కడ పెట్టారో ఈ రోజే వెతుక్కోండి. మా ఇంట్లో అది పసుపు డబ్బాలో దొరికింది.

బిల్లు కట్టిన పంతొమ్మిదో రోజున డబ్బు ఖాతాలో పడింది. ఒక్క రూపాయి తేడా లేదు. నేను వేసుకున్న లెక్క, వాళ్ల లెక్క ఒకటే. ఆ మూడు మార్కులు అందుకే. మధ్యలో ఆ నాలుగు రోజులు బస్సుల్లో, షేర్ ఆటోల్లో బడికి వెళ్లాను. రెండుసార్లు ప్రార్థన అయిపోయాక చేరాను. ఒక మార్కు తీసేసింది అందుకు.

క్లెయిము చేస్తే బోనస్ పోతుంది, చిన్నదానికి చేయొద్దని స్టాఫ్ రూంలో అందరూ చెప్పారు. ఈ మాట కారు ఉన్నవాళ్లకి కొంత నిజం. బండికి ఎంతవరకు నిజమో లెక్క వేశాను. నో క్లెయిమ్ బోనస్ వరుస 20, 25, 35, 45, 50. నాది 25 దగ్గర ఉంది. క్లెయిము చేయకపోతే తర్వాతి ఏళ్లలో 35, 45, 50, 50, 50 వచ్చేవి. చేశాను కాబట్టి మళ్లీ మొదటి నుంచి 0, 20, 25, 35, 45. తేడాలు 35, 25, 25, 15, 5. కూడితే 105. అంటే ఐదేళ్లలో నేను పోగొట్టుకునేది మొత్తం కలిపి సుమారు ఒక్క ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియం, నా బండికి వెయ్యి రూపాయల చుట్టూ. వచ్చింది 8,830. కాబట్టి అద్దం పగిలితే జేబులోంచి పెట్టుకోండి, ఫోర్కు వంగితే క్లెయిము చేయండి. పైగా ఆ బోనస్ బండిది కాదు, మనది. బండి అమ్మేసి కొత్తది కొన్నా మనతో వస్తుంది, కంపెనీ మారినా వస్తుంది. పాలసీ గడువు దాటి 90 రోజులు రెన్యూవల్ చేయకపోతే మాత్రం పోతుంది.

ధర తగ్గించే ఇంకో ఉపాయం చూశాను. 2024లో ఇంకో సైటు నాకు 180 రూపాయలు తక్కువ చూపించింది. తీరా చూస్తే బండి విలువ 62,000 బదులు 48,000 పెట్టారు. ఐడీవీ అనే ఆ అంకె, బండి పోయినా పూర్తిగా నుజ్జయినా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. 180 మిగిల్చి 14,000 వదులుకోమంటున్నారన్నమాట. అక్కడ మాత్రం లెక్కల మేష్టారు మేలుకునే ఉన్నాడు.

ఇక మా బావమరిది సంగతి. ఉండేది విజయనగరంలో. పాత బండికి ఇన్సూరెన్స్ అయిపోతే రోడ్డు పక్క గొడుగు వేసుకుని కూర్చున్నాయన దగ్గర "ఫుల్ ఇన్సూరెన్స్" తీసుకున్నాడు. తొమ్మిది వందల చిల్లర. నా ప్రమాదం తర్వాత నేను అందరి పాలసీలూ చదివే రోగంలో పడ్డాను కదా, దసరా సెలవుల్లో వచ్చినప్పుడు వాడిదీ తెప్పించాను. పైన చిన్న అక్షరాలతో "లయబిలిటీ ఓన్లీ" అని ఉంది.

"బావా, ఫుల్ అన్నాడు కదా, ఇదేటి?"

"ఫుల్లేరా, ఎదుటోడికి."

నవ్వుకున్నాం కానీ విషయం చిన్నది కాదు. ఆ పాలసీతో వాడి బండికి పైసా రాదు. అంతకంటే ముఖ్యమైంది, వెనక కూర్చునే మా చెల్లెమ్మ సంగతి. చట్టం అడిగే కనీసం పాలసీలో వెనక కూర్చున్న మనిషికి కంపెనీ బాధ్యత ఉండదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీలో అయితే వెనక కూర్చున్నవాళ్లకీ వర్తిస్తుంది. మన ఊళ్లలో బండి మీద ఒక్కరే వెళ్లే సందర్భాలు ఎన్ని? పైడితల్లి అమ్మవారి సిరిమానుకి వాడి బండి మీద ముగ్గురు వెళ్లారు. మూడో మనిషికి ఏ పాలసీ సమాధానం చెబుతుందో నన్నడగొద్దు.

అలాంటి కాగితం చేతికొస్తే ముందు మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది. వాడిది అసలైనదే, అదొక్కటే ఊరట. ఏ ఇన్సూరెన్సూ లేకుండా దొరికితే 2019 సవరణ ప్రకారం మొదటిసారి 2,000 జరిమానా, రెండోసారి 4,000. జైలు కూడా పడొచ్చు.

పాలసీలో బండి నడిపే యజమానికి వేరుగా పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఒక లైను ఉంటుంది, 15 లక్షలకి. మీకు ఇప్పటికే అంత మొత్తానికి ప్రమాద బీమా ఉంటే ఆ మాట రాసిచ్చి ఇది వద్దనవచ్చు. స్కూటీ, బండి రెండూ మీ పేరునే ఉంటే రెండింటికీ కట్టక్కర్లేదు, ఒకటి చాలు. మా ఇంట్లో రెండు చోట్లా కడుతూ వచ్చాను. ఎన్నేళ్లో చెప్పను.

మా జిల్లావాళ్లకి ఇంకొకటి చెప్పాలి, తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు వజ్రపుకొత్తూరులో మా పెద్దమ్మగారి ఇంటి ముందు కొబ్బరిచెట్టు మా అన్నయ్య బండి మీద పడింది. బండి కంటే చెట్టు పోయిందనే పెద్దమ్మ ఎక్కువ ఏడ్చింది. అది నిజమే, చెట్టు ఏటా డబ్బిచ్చేది. అన్నయ్యకి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంది, ఏమీ రాలేదు. ఓన్ డ్యామేజ్ ఉంటే తుపాను, వరద, చెట్టు పడటం అన్నీ అందులోకి వస్తాయి. కానీ వరదలో ఒక మెలిక ఉంది. నీళ్లలో మునిగిన బండిని కిక్కు కొట్టి స్టార్టు చేయబోతే ఇంజన్లోకి నీళ్లు పోయి పాడవుతుంది. అది వరద నష్టం కాదు, మీరు చేసుకున్న నష్టం అంటుంది కంపెనీ. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ అందుకే. నాగావళి పక్క లోతట్టు వీధుల్లో ఉండేవాళ్లు తీసుకోవచ్చు. నాది మేడ మీద ఇల్లు, బండి మెట్ల కింద అరుగు మీద ఉంటుంది, నేను తీసుకోలేదు. నీళ్లొస్తే బండిని స్టార్టు చేయకండి, తోసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, అది ఉచితం.

2025 జూన్‌లో కంపెనీ మార్చాను. ఐదేళ్ల థర్డ్ పార్టీ పాత కంపెనీలోనే ఉంచుకుని ఓన్ డ్యామేజ్ ఒక్కటి ఇంకో చోట తీసుకోవచ్చు, 2019 సెప్టెంబరు నుంచి ఆ వీలుంది. ఈసారి ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాను. ఫోన్లో కంటే 120 ఎక్కువ. శ్రీకాకుళంలో క్యాష్‌లెస్ గ్యారేజీ ఏది, జీరో డిప్రిసియేషన్ ఏడాదికి ఎన్ని క్లెయిములకి ఇస్తారు, బండికి ఎన్నేళ్లు వచ్చేదాకా ఇస్తారు అని అడిగాను. గ్యారేజీ పేరు చెప్పాడు. రెండు క్లెయిములు, ఐదేళ్లు అని పాలసీ కాగితంలో చూపించాడు. విలువ 54,000, ఓన్ డ్యామేజ్ 920, బోనస్ సున్నా, జీరో డిప్రిసియేషన్ 380, జీఎస్టీతో 1,534. గొడవేదైనా వచ్చి కంపెనీ వినకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నంబరు 155255 ఉందని అతనే చెప్పి, కార్డు వెనక రాసిచ్చాడు. తన మీదే ఫిర్యాదు చేసే నంబరు రాసిచ్చే మనిషికి 120 ఎక్కువివ్వడం నాకు తప్పనిపించలేదు.

ఫారం నింపుతుంటే ఒక చోట ఆగి, "మేష్టారూ, మీ లైసెన్సు వచ్చే మార్చిలో అయిపోతాది, చూసుకున్నారా?" అన్నాడు. చూసుకోలేదు. లైసెన్సు గడువు దాటి ఉండగా పడిపోతే సొంత బండి క్లెయిము తిరస్కరించొచ్చట. అదే వారం స్లాటు బుక్ చేసుకున్నాను. పాలసీ కవరు ఇప్పుడు బీరువాలో లేదు, టీవీ పక్కన మేకుకి వేలాడుతోంది. 2027 జూన్‌లో థర్డ్ పార్టీ అయిపోతుందని దాని మీద మా ఆవిడ ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసింది.